సిగ్నల్ అందని కొండ ఊళ్లలో పర్యాటక వాహనాలకు ఈ-పాస్ ఎలా అమలు చేయాలి?

అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు సమీపంలోని ఒక గిరిజన గ్రామంలో మేము కొందరం కలిసి పర్యాటకులకు బస, భోజనం ఏర్పాటు చేస్తున్నాము. వంజంగి మేఘాల కొండ ఫొటోలు ఫోన్ల ద్వారా అందరికీ చేరినప్పటి నుంచి, శీతాకాలపు సెలవుల్లో తెల్లవారకముందే ఇరుకైన కొండదారులు కార్లతో నిండిపోతున్నాయి. ఆ వేళ ప్రసవానికి ఆసుపత్రికి బయలుదేరవలసిన కుటుంబం ఎంత ఆందోళన పడుతుందో మేము దగ్గరగా చూశాము.

మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 ఏప్రిల్‌లో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలు అనే పరిమితి కూడా వచ్చింది. స్థానికుల వాహనాలకు మినహాయింపు ఇవ్వడం నాకు ఎంతో న్యాయంగా తోచింది. అటువంటి ఏర్పాటునే చిన్న స్థాయిలో మా గ్రామసభ ముందు పెట్టాలనుకుంటున్నాము.

అయితే మా దారిలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. ముందుగా తీసుకున్న పాస్‌పై ఉన్న క్యూఆర్ కోడ్‌ను ఇంటర్నెట్ లేకుండానే సరిచూసే పద్ధతిని ఎవరైనా ఆచరణలో పెట్టారా? స్మార్ట్‌ఫోన్ లేనివారికి ఏ మార్గం చూపారు? అన్నిటికన్నా కష్టమైనది రోజుకు ఎన్ని వాహనాలన్న నిర్ణయం. పార్కింగ్ స్థలంతో పాటు నీటిని, చెత్తను కూడా లెక్కలోకి తీసుకుని ఆ సంఖ్యను తేల్చిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.