కరాటే కుమితేలో (ఇద్దరు తలపడే సాధనలో) సీనియర్లు చిన్న బెల్టుల్ని గట్టిగా కొడుతున్నారు, ఎలా దారిలో పెట్టాలి?

డోజో_మెట్టు
10 నుంచి 14 ఏళ్ల పిల్లల బ్యాచ్. 22 మందిలో సీనియర్లు, అంటే బ్రౌన్ బెల్టులు 4. క్లాసు మొదట్లో, చివర్లో రెయి (వంగి నమస్కారం) చేస్తారు, సెన్సే (గురువు) పిలిస్తే "ఓస్" అంటారు. జోడీలు కట్టాక మాత్రం ఆ మర్యాద కనిపించదు. ఎల్లో బెల్టుల పొట్టలో పంచ్ గట్టిగా దించుతున్నారు, అవతలివాడి బ్లాక్ తప్పితే నవ్వుతున్నారు. చిన్నవాళ్లు వాళ్లతో జోడీ అనగానే వెనక్కి జరుగుతున్నారు. పుషప్స్ చేయిస్తే రెండు రోజులు సర్దుకుంటారు, తర్వాత మళ్లీ అంతే. ఏది ముందు మార్చాలి?

కిహోన్_రోజూ
ముందు పుషప్స్ ఆపండి. కొట్టినందుకు 20 పుషప్స్ అంటే, 20 పుషప్స్ తీస్తే కొట్టొచ్చని పిల్లలకు అర్థమవుతుంది. దెబ్బ ఎక్కడ పుడుతుందో అక్కడ పట్టుకోవాలి. చాలాసార్లు అది ఇద్దరి మధ్య దూరంలోనే ఉంటుంది.

ఒక నెల ఫ్రీ కుమితే పక్కన పెట్టి ఇప్పోన్ కుమితే (ముందే చెప్పి ఒక్క దెబ్బ వేసే జోడీ సాధన) చేయించండి. మొదలెట్టే ముందు ప్రతి జోడీ దూరం కొలుచుకోవాలి. కొట్టేవాడు మెల్లగా ఒక అడుగు వేసి చెయ్యి పూర్తిగా చాపాలి. చూదాన్ (పొట్ట ఎత్తు) అయితే పిడికిలి గి (కరాటే డ్రెస్) గుడ్డకు తగిలీ తగలనట్టు ఉండాలి, జోదాన్ (ముఖం ఎత్తు) అయితే ముఖానికి నాలుగు వేళ్ల ఎడం. తర్వాత వెనక్కి వెళ్లి, ఎక్కడ కొడతాడో గట్టిగా చెప్పి, అవతలివాడు సిద్ధమయ్యాడని చూసి కొట్టాలి.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, కొట్టేవాడు భుజం ముందుకు తోసి వంగుతాడు. దాంతో కొలిచిన దూరం కంటే జానెడు లోపలికి వెళ్తాడు. రెండోది, వైట్ బెల్టు భయపడి తల దించేస్తాడు, పొట్టకు వచ్చిన పంచ్ ముఖానికి తగులుతుంది. రెండోదానికి సీనియర్‌ని తిట్టి లాభం లేదు. తల ఎత్తి, కళ్లు తెరిచి ఉంచడం చిన్నవాడికి నేర్పాలి.

ఇంకో మాట. పాపం చిన్నవాడని పక్కకు గురిపెట్టి కొట్టడం కూడా గౌరవం కాదు. తగలని పంచ్‌ని బ్లాక్ చేస్తూ వాడు నేర్చుకునేది ఏమీ లేదు. గురి సూటిగా ఉండాలి, పంచ్ మాత్రం ఒంటికి ముందే ఆగాలి. బ్రౌన్ బెల్టు పనితనం ఆ ఆపడంలోనే తెలుస్తుంది.

నల్లబెల్టు
పైమాటతో ఏకీభవిస్తూ రెయి గురించి. కరాటే రెయితో మొదలై రెయితోనే ముగుస్తుందన్నది షోటోకాన్ కరాటే మూలపురుషుడు గిచిన్ ఫునకోషి 20 సూత్రాల్లో మొదటిది. మీ పిల్లలు ఆ రెయిని సెన్సేకి చేస్తున్నారు, ఒకరికొకరు చేయడం లేదు.

"ఒతగాయి ని రెయి" (ఒకరికొకరు రెయి) అనగానే వంగిపోనివ్వకండి. మడమలు కలిపి నిలబడి, ముందు ఎదుటివాణ్ని చూడాలి: గోళ్లు పెరిగాయా, గొలుసో ఉంగరమో ఉందా, మౌత్‌గార్డ్ పెట్టుకున్నాడా, బెల్టు వదులైందా. లోపం ఉంటే చెప్పి, సరిచేసుకునేదాకా ఆగాలి. బెల్టు బిగించుకునేవాడు వెనక్కి తిరిగి కట్టుకుంటాడు. అప్పుడు నడుము దగ్గర వంగి, ఒక శ్వాసంత సేపు ఉండి లేవాలి. ఇదంతా పది సెకన్ల పని. అలా చూసి వంగినవాడికి వెంటనే కసిగా కొట్టబుద్ధి కాదు.

నవ్వు సంగతికి: సెట్ నడుస్తుంటే ఎవరూ మాట్లాడకూడదు. సెట్ అయ్యాక సీనియర్ ఒక్క తప్పే చెప్పాలి, అదీ తను చేసి చూపిస్తూ.

డోజో_మెట్టు
దూరం కొలవడం రేపటి నుంచే పెడతాను. చిన్నవాళ్ల భయం సంగతేంటి? ఇంకొందరు, తగలకపోయినా పొట్ట పట్టుకుని కూర్చుంటున్నారు.

ఎర్రజెండా
భయం పోవాలంటే ఆపే హక్కు వాళ్లకూ ఉండాలి. ఎవరు చెయ్యి ఎత్తినా రెండోవాడు వెంటనే ఆగి, ఒక అడుగు వెనక్కి వేయాలి. జోడీల్ని 2 నిమిషాలకోసారి మార్చండి, వేగం ఎంతో చెప్పేది ఎప్పుడూ చిన్న బెల్టే. మొదటి వారం బ్రౌన్ బెల్టులు ప్యాడ్ మాత్రమే పట్టుకుంటే ఇంకా మంచిది.

నటనను కూడా వదిలేయొద్దు. డబ్ల్యూకేఎఫ్ (ప్రపంచ కరాటే సమాఖ్య) పోటీల్లో అతిగా తగిలించినవాడికే కాదు, తగిలిన దెబ్బను పెద్దది చేసి చూపినవాడికీ పెనాల్టీ ఉంది. తనను తాను కాచుకోకుండా మీదికి దూకితే అదీ తప్పే, దాన్ని ముబోబి అంటారు. జోడీ మీద గౌరవం చిన్నవాడి బాధ్యత కూడా.

నిజంగా దెబ్బ తగిలితే "యామే" (ఆగండి) చెప్పి అందర్నీ ఆపండి. కొట్టినవాడు పక్కకు వెళ్లి కూర్చోవాలి, చుట్టూ గుమిగూడొద్దు. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకూడదు. ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. తలకు గట్టిగా తగిలితే, బాగానే ఉన్నానని వాడు ఎంత చెప్పినా ఆ రోజుకు ప్రాక్టీస్ ఆపించి, ఇంట్లోవాళ్లకు మీరే చెప్పండి. వాంతి, మగత, తడబాటు కనిపిస్తే ఇంటికి పంపకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.