వైసెన్‌బోర్న్ తరహా గిటార్: నాదం కోఆ చెక్కదా, డొల్ల నెక్‌దా?

కొత్తబార్: ఒళ్ళో పెట్టుకుని స్టీల్ బార్‌తో వాయించే వైసెన్‌బోర్న్ తరహా గిటార్ కొందామనుకుంటున్నాను. మహాగనిది చాలా, కోఆదే కావాలా? కోఆకి దాదాపు రెట్టింపు చెబుతున్నారు.

కోఆప్రియ: కోఆ కాకపోతే కొనకండి. 1920లలో లాస్ ఏంజెలెస్‌లో హెర్మన్ వైసెన్‌బోర్న్ చేసినవి ఎక్కువగా మొత్తం కోఆవే. ఆ చెట్టు హవాయి దీవుల్లోనే పుట్టింది, ఆ తీపి ఇంకో చెక్కకి రాదు.

పనసచెక్క: తీపి సగం నెక్‌ది, అంటే గిటార్ మెడదండీ. అది లోపల డొల్ల, బాడీతో కలిసి గాలంతా ఒకే గది, అందుకే మంద్ర తీగ మీటితే అంతసేపు మోగుతుంది. నేను బొబ్బిలి వీణలకు వాడే పనసతోనే మూడు చేశాను, మోత ఎక్కడా తగ్గలేదు.

కోఆప్రియ: పనసతో చేసినదాన్ని వైసెన్‌బోర్న్ అనకండి. కోఆ అని చెప్పి ఒక షాపువాళ్ళు నాకు అంటగట్టారు, చూస్తే పైన పల్చటి రేకు, లోపల ప్లైవుడ్. ఆరు నెలల్లో తీగలు ఆనే బ్రిడ్జి వెనక పొట్ట ఉబ్బింది.

పనసచెక్క: ఏ ట్యూనింగ్‌లో పెట్టారు?

కోఆప్రియ: దానికీ దీనికీ ఏం సంబంధం?

పనసచెక్క: ఉంది. జి-బి-డి-జి-బి-డికి బిగించారా? అది డోబ్రోకి, అంటే లోహపు పళ్ళెం బిగించిన గిటార్‌కి, వాడే ట్యూనింగ్. ఈ తరహా గిటార్లలో లోపల వేసే బద్దలు సన్నవి, అంత బిగువు ఓర్చవు. ఓపెన్ డిలో, అంటే తీగలు నొక్కకుండా మీటితే డి కార్డ్ పలికేలా, ఉంచాలి.

రాగమాల: హిందుస్తానీ సంగీతాన్ని గిటార్ మీద వాయించిన బ్రిజ్ భూషణ్ కాబ్రా గారు ఒళ్ళో పెట్టుకుని రాగాలు పలికించింది గిబ్సన్ గిటార్ మీద. కోఆ లేదు, డొల్ల నెక్కూ లేదు.

కోఆప్రియ: అవును, జికే బిగించాను, తప్పు నాదే అనుకోండి! కోఆ అని అబద్ధం చెప్పడం కూడా నా తప్పేనా? దొరికిన ప్రతిదానికీ మీలాంటివాళ్ళు ఆ పేరు తగిలించబట్టే కదా నేను దాచుకున్న డబ్బంతా పోయింది.

పనసచెక్క: నేను ఎవరికీ ఆ పేరు చెప్పి అమ్మలేదు. ఒక్కోదానికి నాలుగు నెలలు పట్టింది, పక్కలు వంచేటప్పుడు రెండు పగిలాయి, మళ్ళీ కోసుకున్నాను. చూడకుండానే నకిలీ అంటే ఎలాగండీ?

కోఆప్రియ: లోపల లేబుల్ మీద ఏం రాస్తారు?

పనసచెక్క: పనస, మా ఊరి పేరు, చేసిన సంవత్సరం.

కోఆప్రియ: షాపువాళ్ళు ఆ మాత్రం రాసినా నాకు ఈ గొడవ ఉండేది కాదు. ఓపెన్ డిలో వాయించి ఒక రికార్డింగ్ పెట్టండి, వింటాను.

కొత్తబార్: నాకూ కావాలి. కొనడం అప్పటిదాకా ఆపుతాను.