పిల్లలతో శబ్దాల కిట్టు కట్టించాలి: 555 సరిపోతుందా?

రాయగడ_లెక్కలు:
మా రాయగడలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సెలవుల్లో రెండు రోజులు ఎలక్ట్రానిక్స్ చెప్పాలి. రోజుకు రెండు గంటలు, 20 మంది. సగం మందికి ఇంట్లో తెలుగు, సగం మందికి ఒడియా. బల్బు, స్విచ్చు పాఠాలు అయిపోయాయి. ఈసారి తమ చేత్తో కట్టినది కూత పెట్టాలి, నాబ్ తిప్పితే శ్రుతి మారాలి. సోల్డరింగ్ వద్దు. సామాన్లకు రైలెక్కి విశాఖ వెళ్లాలి, ఒక్కసారే కుదురుతుంది. ఏ సర్క్యూట్ మంచిది? ఏవి ఎన్ని తేవాలి? పిల్లల చేతిలో ఎక్కడ తప్పుతుంది?

పర్లాకిమిడి_తీగలు:
555 టైమరే తీసుకోండి మాస్టారూ. 1972లో బజారుకొచ్చిన ఐసీ, అంటే ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు, ఇప్పటికీ మొదటి పాఠానికి దాన్ని మించింది లేదు. అందులో కెపాసిటర్ సరఫరా వోల్టేజీలో మూడో వంతుకీ, మూడింట రెండు వంతులకీ మధ్య నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది. సెల్లులు నీరసిస్తే ఆ రెండు హద్దులూ కలిసే కిందికి దిగుతాయి. అందుకే శబ్దం చిన్నదవుతుంది గానీ శ్రుతి పెద్దగా మారదు.

ఐసీని గాటు ఎడమకు వచ్చేలా, బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా గుచ్చే రంధ్రాల పలక) నడిమి కాలవకు అటో వరస ఇటో వరస కాళ్లు పడేలా గుచ్చాలి. కింది వరసలో ఎడమ నుంచి 1, 2, 3, 4. పై వరసలో ఎడమ నుంచి 8, 7, 6, 5. ఒకటి మైనస్‌కి, 8 ప్లస్‌కి. 4ని కూడా ప్లస్‌కే కట్టాలి, అది రీసెట్ కాలు, గాలికి వదిలేస్తే శబ్దం వచ్చీపోతూ ఉంటుంది. 2నీ 6నీ తీగతో కలపాలి. 8కీ 7కీ మధ్య 1 కిలో ఓమ్. 7 నుంచి 6కి 10 కిలో ఓమ్, దాని వెనకే 100 కిలో పాట్, అంటే నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్. 2 నుంచి మైనస్‌కి 0.1 మైక్రోఫారాడ్, అంటే 104 అని రాసి ఉండేది. 5 నుంచి మైనస్‌కి 103, అంటే 0.01 మైక్రోఫారాడ్. మూడో కాలు నుంచి 100 ఓమ్, ఆ తర్వాత 100 మైక్రోఫారాడ్ ఎలక్ట్రోలిటిక్ ప్లస్, దాని మైనస్ నుంచి 8 ఓమ్ స్పీకర్, అక్కణ్ణుంచి మైనస్ పట్టీకి.

లెక్క ఇది: ఫ్రీక్వెన్సీ = 1.44 ÷ ((ఆర్1 + 2 × ఆర్2) × సి). ఆర్1 అంటే ఆ 1 కిలో, ఆర్2 అంటే 10 కిలో, పాట్ కలిపి, సి అంటే 104. పై విలువలతో పాట్ ఒక చివర సుమారు 65 హెర్ట్జ్, రెండో చివర 686. పిల్లల చేతే వేయించండి, తొమ్మిదో తరగతి వాళ్లకు అందే లెక్కే.

పాట్ మీద 'బి' అని ఉంటే లీనియర్. సగం తిప్పితే 119 హెర్ట్జ్ దాకానే వస్తుంది, పై శ్రుతులన్నీ చివరి పావులో ఇరుక్కుంటాయి. 'ఏ100కె' అని ఉన్న లాగ్ పాట్ తెచ్చి, మధ్య కాలూ ఎడమ కాలూ వాడండి. కుడికి తిప్పితే శ్రుతి దిగుతుంది, కానీ మెట్లు సమానంగా వినిపిస్తాయి. ఈ ఒక్క మార్పుతో బొమ్మ వాయిద్యమవుతుంది.

జయపురం_మల్టీమీటర్:
పైది సరిగ్గా ఉంది. తప్పులెక్కడ పడతాయో నేను చెప్తాను.

మొదటిది కొత్త ఐసీ కాళ్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు కాస్త బయటికి విచ్చుకుని ఉంటాయి. అలాగే నొక్కితే ఒక కాలు రంధ్రంలోకి పోకుండా పొట్ట కిందికి మడిచిపోతుంది, పైనుంచి చూస్తే అన్నీ దిగినట్టే కనిపిస్తుంది. గుచ్చేముందు ఐసీని పక్కకు వాల్చి, ఒక వరస కాళ్లన్నీ బల్లకు ఆనించి మెల్లగా లోపలికి వంచాలి, తర్వాత రెండో వరస. శబ్దం రాకపోతే ముందు ఐసీ లేపి పొట్ట కింద చూడండి.

రెండోది రెసిస్టర్ రంగులు. మీ మూడు విలువలూ గోధుమ, నలుపుతోనే మొదలవుతాయి. మూడో పట్టీ గోధుమైతే 100 ఓమ్, ఎరుపైతే 1 కిలో, నారింజైతే 10 కిలో. ట్యూబ్‌లైటు వెలుగులో ఎరుపూ నారింజా ఒకలాగే ఉంటాయి. 8, 7 కాళ్ల మధ్య పొరపాటున 100 ఓమ్ పడితే, ఏడో కాలు మైనస్‌కి దిగిన ప్రతిసారీ 60 మిల్లీ ఆంపియర్ల దాకా ఊరికే పారుతుంది, ఐసీ వేడెక్కుతుంది, సెల్లులు తొందరగా అయిపోతాయి. స్పీకర్ దారిలో 10 కిలో పడితే చెవి ఆనిస్తే తప్ప వినపడదు. మూడింటినీ వేర్వేరు కాగితం పొట్లాల్లో కట్టి, మీద విలువ రాసి ఇవ్వండి. గోడ మీద రంగుల పట్టిక రెండు భాషల్లో పెట్టండి: గోధుమ బాదామీ, నలుపు కళా, ఎరుపు నాలి, నారింజ కమళా.

మూడోది తీగ. పోగుల తీగ బ్రెడ్‌బోర్డ్‌లోకి దిగదు, దిగినా ఒక పోగు పక్క రంధ్రాన్ని తాకుతుంది. పెట్టెగా అమ్మే ల్యాన్ కేబుల్ కొని పొర ఒలిస్తే ఎనిమిది రంగుల గట్టి తీగలొస్తాయి, మందం అర మిల్లీమీటరు, చక్కగా సరిపోతుంది. రెడీమేడ్ ప్యాచ్ కార్డ్ కొనకండి, అందులో ఉండేవి పోగులే. పొడుగు బోర్డుల్లో ప్లస్, మైనస్ పట్టీలు కొన్నిటికి మధ్యలో తెగి ఉంటాయి, ఒక్కో బోర్డూ మీటరుతో చూసి పంచండి.

రాయగడ_లెక్కలు:
చాలా ఉపయోగం అండీ. బ్యాటరీ ఏది? స్పీకర్ బదులు బజర్ వాడితే చవక కదా?

పర్లాకిమిడి_తీగలు:
పెన్సిల్ సెల్లులు నాలుగు, హోల్డర్‌తో సహా. 6 వోల్టులు. చిన్న 9 వోల్టుల బ్యాటరీలో దమ్ము తక్కువ, రెండో రోజుకి నిలవదు. ప్లస్, మైనస్ తిరగేస్తే 555 క్షణాల్లో పోతుంది కాబట్టి ప్లస్ దారిలో కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్ ఒకటి తప్పనిసరి, వెండి గీత బోర్డు వైపు. 1ఎన్4007 సుమారు 0.7 వోల్టు తినేస్తుంది, ఈ ఐసీకి కనీసం 4.5 కావాలి. అందుకని 1ఎన్5819 అడగండి, అది సగం కూడా తినదు. డయోడ్ దాటాక ప్లస్ మైనస్‌ల మధ్య ఇంకో 100 మైక్రోఫారాడ్ పెట్టండి. 555 అవుట్‌పుట్ మారే క్షణంలో కరెంటును ఒక్కసారిగా లాగుతుంది, అది లేకపోతే శబ్దం గరగరలాడుతుంది.

బజర్ వద్దు. బ్యాటరీ నేరుగా తగిలిస్తే 'బీప్' అనేదైతే దాని కూత దానిదే, మీ పాట్ తిప్పినా శ్రుతి మారదు. 100 ఓమ్‌తో స్పీకర్ చిన్నగానే మోగుతుంది. ఒకే గదిలో 20 మోగేటప్పుడు అదే మేలు.

బరంపురం_ఆంప్:
రెండో రోజుకి సీడీ 40106 అనే ఐసీ ఆలోచించండి. ఒక్క ఐసీలో ఆరు ఓసిలేటర్లు (కూత పుట్టించే సర్క్యూట్లు), ఒక్కోదానికి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ చాలు. అయితే స్పీకర్‌ని మోగించే సత్తా దానికి లేదు, బీసీ 547 ట్రాన్సిస్టర్ ఒకటి కలపాలి. వాడని ఇన్‌పుట్‌లన్నీ మైనస్‌కి కట్టకపోతే పిచ్చిగా ప్రవర్తిస్తుంది.

జయపురం_మల్టీమీటర్:
రెండు గంటల్లో అది ఎక్కువండీ. తొలిసారి కట్టేవాళ్లకు రెండో రోజు కూడా అదే 555, ఒక్కటి మారిస్తే చాలు. పాట్ తీసి ఎల్‌డీఆర్ (వెలుగు తగ్గితే విలువ పెరిగే రెసిస్టర్) పెట్టండి, చెయ్యి నీడ పడితే శ్రుతి దిగుతుంది. తర్వాత ఎల్‌డీఆర్ తీసి, 104 స్థానంలో 103 పెట్టి, రెండు తీగల్ని 6బి పెన్సిల్‌తో ఒత్తిగా గీసిన గీత మీద ఆనించమనండి. గీత పొడుగయ్యే కొద్దీ శ్రుతి దిగుతుంది. గీత 100 కిలో ఉంటే దాదాపు 650 హెర్ట్జ్, 1 మెగా అయితే 70 దరిదాపు. 104నే ఉంచితే 1 మెగా దగ్గర సెకనుకి ఏడు టిక్కులే వినిపిస్తాయి. తీగలు చేత్తో తాకే ఆట కాబట్టి ఇక్కడ ఫోన్ ఛార్జర్ వాడనివ్వకండి, సెల్లులే.

ఎవరైనా సరిగమలు అడిగితే పాట్ తీసేసి, 10 కిలో తర్వాత మీటకొక 22 కిలో ప్రీసెట్, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్. షడ్జం 262 హెర్ట్జ్‌కి ప్రీసెట్ 17 కిలో, పంచమం 392కి 7.9, పై షడ్జం 523కి 3.3. ఇవి మొదలుపెట్టడానికే, తర్వాత ఫోన్‌లో ట్యూనర్‌తో సరిచేయాలి. రెండు మీటలు కలిపి నొక్కితే రెండు స్వరాలు రావు. రెసిస్టర్లు పక్కపక్కన కలిసి విలువ తగ్గి, రెండింటికన్నా పై శ్రుతి ఒక్కటే వస్తుంది. పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఇది. ఇక్కడ 104 పాలిస్టర్‌దే కావాలి, సిరామిక్ అయితే గది వేడికి శ్రుతి జారుతుంది.

పర్లాకిమిడి_తీగలు:
20 కిట్లకు: 555లు 26, ఐసీలే ఎక్కువ పోతాయి. పాలిస్టర్ 104లు 30. 103లు 50, కిట్టుకి రెండు. ఎలక్ట్రోలిటిక్‌లు 50, కిట్టుకి రెండే. మూడు విలువల రెసిస్టర్లు వందేసి. లాగ్ పాట్లు 23, స్పీకర్లు 22, ఎల్‌డీఆర్‌లు 24, డయోడ్లు 25, సెల్లులు 84. పాట్‌కీ స్పీకర్‌కీ తీగలు మీరే ముందుగా ఇంటి దగ్గర సోల్డర్ చేసి తీసుకెళ్లండి, వాటి కాళ్లు బ్రెడ్‌బోర్డ్‌లో నిలవవు. ఎల్‌డీఆర్ కాళ్లు నేరుగానే దిగుతాయి.