టకయామా పాత వర్తకుల ఇళ్లు: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో చూడగలమా?

కూకట్‌పల్లి_ట్రావెలర్: దసరా సెలవుల్లో అమ్మతో జపాన్ వెళ్తున్నాం. టకయామాలో కుసకబే, యోషిజిమా ఇళ్లు చూడాలని ఉంది. అమ్మకి డెబ్బై దాటాయి, చేతికర్ర ఉంటేనే నడుస్తుంది. లోపల తిరగగలదా? రెండూ చూడాలా, ఒకటి చాలా?

తార్నాక_దూలం: పక్కపక్క ఇళ్లేనండి, రెండూ చూసేయండి. 1875 అగ్నిప్రమాదం తర్వాత 1879లో కట్టింది కుసకబే ఇల్లు. షోగన్ల (సైనిక పాలకుల) కాలంలో వర్తకులు ఎంత డబ్బున్నా ఇల్లు ఎత్తుగా కట్టకూడదు, హినోకి (జపాన్ సైప్రస్ చెట్టు) కలప వాడకూడదు. ఆ ఆంక్షలు పోయాక కట్టింది కాబట్టి వీళ్లు హినోకి ధారాళంగా వాడారు. యోషిజిమా వాళ్లు సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసేవాళ్లు, ఇప్పుడున్న ఇల్లు 1907 నాటిది.

గడప దాటగానే మట్టినేల. అక్కడే ఆగి పైకి చూడండి. సీలింగ్ ఉండదు, స్తంభాలూ దూలాలూ ఒకదాన్నొకటి పట్టుకుని కప్పుదాకా కనిపిస్తాయి. పొయ్యి పొగ పైకి పోవాలని వదిలిన ఎత్తు అది. ఎండలోంచి వస్తే మొదట చీకటే, కళ్లు సర్దుకోనివ్వండి. నా లెక్కన ఈ ఇళ్లలో అసలు చూడాల్సింది ఇదే, అమ్మగారు మెట్టెక్కకుండానే చూడొచ్చు. మన మండువా లోగిళ్లలాగే గాలీ వెలుతురూ లోపలి తోటలోంచే వస్తాయి.

సైనిక్‌పురి_ఆంటీ: ఇబ్బందల్లా మట్టినేల నుంచి గదుల్లోకి ఎక్కడమేనమ్మా, గట్టు ఎత్తుగా ఉంటుంది. నిలబడి ఎక్కించొద్దు. అంచు మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, కాళ్లు లోపలికి తిప్పించు. కర్ర మొన తతామీ చాపలో దిగితే చాప పాడవుతుంది, అందుకని కోఠి సర్జికల్ షాపులో కొత్త రబ్బరు బుష్ కొని గట్టు దగ్గర మార్చు, లోపల కర్ర వాడొచ్చా అని అక్కడివాళ్లని అడుగు. నున్నటి చెక్కనేల మీద మామూలు సాక్సు జారతాయి, అడుగున రబ్బరు చుక్కలున్నవి తీసుకో. గడపలు తొక్కకండి, తలుపులు జరిగే గాడి అక్కడే ఉంటుంది, అరిగితే తలుపు బిగుసుకుంటుంది. బ్యాగు ముందుకు వేసుకో, వీపున ఉంటే తిరిగేటప్పుడు తగిలి కాగితపు తలుపు చిరుగుతుంది. మేడమెట్లు నిలువుగా ఉంటాయి, అమ్మకి వద్దు. నువ్వు పొడుగైతే ద్వారబంధం దగ్గర తల జాగ్రత్త.

కూకట్‌పల్లి_ట్రావెలర్: థాంక్స్ ఆంటీ. రైలు సంగతి?

తార్నాక_దూలం: నగోయా నుంచి ‘హిదా’ ఎక్స్‌ప్రెస్, సుమారు రెండున్నర గంటలు. సీట్లు వెనక్కి తిరిగి ఉన్నాయని కంగారుపడకండి, దారిలో గిఫు స్టేషన్‌లో రైలు దిశ మారుతుంది. అక్టోబరు 9, 10 తేదీల్లో అక్కడ పెద్ద ఉత్సవం, గదులు దొరకడం కష్టం. అమ్మగారితో అయితే ఆ రెండు రోజులూ వదిలేయండి. సెలవు రోజులు ఇంటింటికీ వేరు, ముందే చూసుకోండి. స్టేషన్ నుంచి నడిచే దూరమే గానీ మీరు టాక్సీ మాట్లాడుకోండి.