నార్త్ పోల్ దగ్గర విమానం ఒకే పక్కకు వంగుతోంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

కూకట్‌పల్లి కుర్రాడు: సాయంత్రం నుంచి తల పగిలిపోతోంది. ఫ్లైట్ సిమ్యులేటర్ గేమ్‌లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరు పెట్టాను, 2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్లు వెళ్లిన రూటే. హెడింగ్ (ముక్కు దిశ) 090, అంటే తూర్పు, పెట్టి ముట్టుకోలేదు. అయినా ఎడమకు వంగుతూనే ఉంది. గాలి సున్నా. జాయ్‌స్టిక్ పాడైందా?

ఉప్పల్ పైలట్: ఏ విమానం? ఎక్కడున్నావ్? ఏ మోడ్?

మాదాపూర్ మ్యాప్: డీవియేషన్ సమస్య భాయ్. మాగ్నెటిక్ పోల్ కెనడా వైపు నుంచి సైబీరియా వైపు జరిగిపోతోంది. మాగ్నెటిక్ మోడల్‌ను ఐదేళ్లకోసారి మారుస్తారు, నీ సిమ్‌లో పాతది ఉండి ఉంటుంది.

లెక్కల మాస్టారు: అసలు ఉత్తరానికీ ముల్లు చూపే ఉత్తరానికీ ఉండే తేడాని వేరియేషన్ అంటారు. డీవియేషన్ అంటే విమానంలోని ఇనుము, వైర్ల వల్ల దిక్సూచిలో వచ్చే తేడా.

మాదాపూర్ మ్యాప్: ఏదైతేనేం సార్, ముల్లు తప్పు చూపిస్తోందిగా.

బేగంపేట పాత కాపు: అవన్నీ తర్వాత. ఫ్యూయల్ టెంపరేచర్ చూశావా బాబూ? అమెరికాలో మామూలుగా పోసేది జెట్ ఏ, దాని ఫ్రీజింగ్ పాయింట్ మైనస్ 40. మన శంషాబాద్‌లో పోసే జెట్ ఏ-1కి మైనస్ 47. ట్యాంకులో ఫ్యూయల్ తన ఫ్రీజింగ్ పాయింట్ కంటే కనీసం 3 డిగ్రీలు పైనే ఉండాలి. ఇంకా చల్లబడేలా ఉంటే కిందికి దిగాలి, లేదా స్పీడు పెంచాలి. కుర్రాళ్లు స్క్రీన్లు చూస్తారు గానీ ట్యాంకు చూడరు!

కూకట్‌పల్లి కుర్రాడు: బోయింగ్ 777 అన్నా. ఆ రూట్లో ఇంకేం ఉంటుంది? 89 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్నాను. షార్ట్‌కట్ కొడదామని ఎల్‌నావ్ (పెట్టిన రూట్‌నే పట్టుకుని వెళ్లే ఆటోపైలట్ మోడ్) తీసేసి హెడింగ్ సెలెక్ట్ (నేనిచ్చిన దిశకే వెళ్లే మోడ్) పెట్టాను. హెడింగ్‌ను ఏ ఉత్తరం నుంచి కొలవాలో చెప్పే హెడింగ్ రిఫరెన్స్ స్విచ్ ట్రూలోనే (అసలు ఉత్తరం) ఉంది.

లెక్కల మాస్టారు: ఈ ముక్క ముందే చెప్పొద్దూ! స్విచ్ ట్రూలో ఉంటే మాగ్నెటిక్ గొడవే లేదు. 090 అంటే ఎప్పుడూ తూర్పుకే పోవాలి. 89 దగ్గర పోల్ 60 నాటికల్ మైళ్ల దూరమే, కాబట్టి తూర్పుకు పోవడమంటే పోల్ చుట్టూ ప్రదక్షిణ చేయడమే. గంటకు 480 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్తుంటే నిమిషానికి ఏడెనిమిది రేఖాంశాలు దాటేస్తావు. ఒక్కో రేఖాంశానికీ తూర్పు ఒక డిగ్రీ తిరుగుతుంది, ఆటోపైలట్ దాని వెనకే ముక్కు తిప్పుతుంది. ముప్పావుగంటకు మళ్లీ మొదటికే వస్తావు.

మాదాపూర్ మ్యాప్: అంటే సిమ్ కరెక్టేనా?

ఉప్పల్ పైలట్: కరెక్టే. ఎల్‌నావ్ పెట్టు.

కూకట్‌పల్లి కుర్రాడు: 82 డిగ్రీల అక్షాంశం దాటితే అదే ట్రూలోకి మారుతుందని ఎక్కడో చదివా, మరి నేను స్విచ్ ముట్టుకోవడం తప్పా?

ఉప్పల్ పైలట్: తప్పేం కాదు. ఎల్‌నావ్ కాకుండా వేరే మోడ్‌లో ఉంటే ట్రూలో పెట్టుకోవాల్సిందే.

కూకట్‌పల్లి కుర్రాడు: ఎల్‌నావ్ పెట్టా, దారిలోకొచ్చింది. థాంక్స్ అన్నా. ఫ్యూయల్ మైనస్ 36 చూపిస్తోంది, టెన్షన్ పడాలా?

బేగంపేట పాత కాపు: జెట్ ఏ పోశావా, ఏ-1 పోశావా?