పాత కారు స్టార్ట్ అవ్వట్లేదా? పార్టులు కొనే ముందు మీటర్ పెట్టండి

అందరికీ నమస్కారం. ఈ దేశానికి కొత్తగా వచ్చాను. పదిహేడేళ్ళ పాత పెట్రోల్ కారు కొన్నాను, ఆటోమేటిక్. తాళం తిప్పితే డాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి, బొనెట్ కింద నుంచి ‘టక్’ అని ఒక్క చప్పుడు వస్తోంది, అంతే. ఇంజన్ తిరగట్లేదు. బ్యాటరీ కొత్తదేనని అమ్మినాయన చెప్పాడు. తెలిసినవాళ్ళు సెల్ఫ్ మోటార్ పోయింది, మార్చెయ్ అంటున్నారు. గ్యారేజీలో చూడ్డానికే గంటల లెక్కన తీసుకుంటారట. నేనే ఏమైనా చూసుకోగలనా?

— — —

చూసుకోగలవు తమ్ముడూ. మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, టెర్మినళ్ళకు సరిపడే స్పానర్ (చాలా కార్లకు 10 మిల్లీమీటర్లది), వైర్ బ్రష్, తాళం తిప్పడానికి ఇంకో మనిషి ఉంటే చాలు. సెల్ఫ్ ఇప్పుడే కొనకు. ‘టక్’ అనగానే సెల్ఫ్ మార్చేసి, ఆ తర్వాత కూడా అదే ‘టక్’ వినేవాళ్ళు బోలెడంతమంది.

ముందు చప్పుడుని బట్టి దారి పట్టుకో. ‘టకటకటక’ అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా టెర్మినల్ వదులై ఉంటుంది. సోలినాయిడ్ (సెల్ఫ్ మీద ఉండే అయస్కాంతపు స్విచ్చి) లాగుతుంది, మోటార్‌కు కరెంటు వెళ్ళగానే వోల్టేజీ కూలుతుంది, సోలినాయిడ్ వదిలేస్తుంది, మళ్ళీ లాగుతుంది. నీ కారులోలా ఒక్క ‘టక్’ తో ఆగిపోతే సోలినాయిడ్ లాగుతోంది గానీ మోటార్‌కు చాలినంత కరెంటు అందట్లేదు, లేదా అందినా తిరగలేకపోతోంది. దారిలో ఎక్కడ ఆగిపోతోందో మీటరే చెప్పాలి.

కారు రాత్రంతా ఆగి ఉన్నాక, ఏమీ ఆన్ చెయ్యకుండా, బ్యాటరీ రెండు పోల్స్ మధ్య కొలువు. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 కి దిగితే ముందు ఛార్జింగ్ పెట్టు, మిగతా పరీక్షలు తర్వాత. అప్పుడే ఛార్జర్ తీసి ఉంటే ఓ రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆర్పి, కాసేపు ఆగి కొలువు. లేకపోతే పైపై ఛార్జి వల్ల ఎక్కువ చూపిస్తుంది.

ఆగి ఉన్నప్పటి 12.6 చూసి బ్యాటరీ బాగుందని తేల్చెయ్యకు. లోపల ప్లేట్లు పాడైన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపిస్తుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది, అసలు పరీక్ష అప్పుడే. మీటర్ పోల్స్ మీదే ఉంచి తాళం తిప్పించు. మరీ చలి లేని రోజున 9.6 కి పైన నిలబడాలి. దాని కింద పడిపోతే బ్యాటరీది తప్పు, లేదా సెల్ఫ్ మితిమీరి లాగుతోంది.

ఇక అసలైన పరీక్ష. మీటర్ డీసీ వోల్టుల్లోనే ఉంచి, తాళం తిప్పి పట్టుకున్నప్పుడు ఈ రెండూ చూడు: పాజిటివ్ పోల్ నుంచి సెల్ఫ్ మీద లావు కేబుల్ బిగించిన స్టడ్ (బోల్టు) వరకు, నెగెటివ్ పోల్ నుంచి ఇంజన్ లోహం వరకు. మొదటిది 0.5 దాటకూడదు, రెండోది 0.2 దాటకూడదు. మీటర్ ఎంత చూపిస్తే అంత వోల్టేజీని ఆ దారే మింగేస్తోందన్నమాట. మీటర్ పిన్నును క్లాంప్ (పోల్‌ను పట్టుకునే కేబుల్ కొన) మీద కాదు, బ్యాటరీ సీసం పోల్ మీదే గుచ్చు. క్లాంప్ మీద పెడితే పోల్‌కీ క్లాంప్‌కీ మధ్య ఉన్న తుప్పు లెక్కలోకి రాదు. ఓమ్స్‌లోనో బీప్‌లోనో పెట్టి కేబుల్ బాగుందనుకోవద్దు. లోపల ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది, 150 ఆంపియర్లు మాత్రం దాటవు.

తాళం ఒకసారికి ఐదు సెకన్లు మించి పట్టుకోవద్దు. మధ్యలో ఓ నిమిషం సెల్ఫ్‌ను చల్లారనివ్వు.

— — —

పైన అన్నయ్య చెప్పినవాటికి ముందు జాగ్రత్తలు కొన్ని. గేరు పార్క్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. ఉంగరాలు, వాచీ తీసెయ్యండి. టెర్మినళ్ళు విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ ఆఖరున. ఎందుకంటే బాడీ అంతా నెగెటివే. నెగెటివ్ తగిలించి ఉండగా పాజిటివ్ విప్పుతుంటే స్పానర్ రెండో కొన బాడీకి తగిలిందంటే అక్కడే నిప్పులు.

పోల్స్ మీద తెల్లగా, పచ్చగా పూత పట్టి ఉంటే కప్పు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పొయ్యండి. నురగ ఆగాక తుడిచి, బ్రష్‌తో పోల్, క్లాంప్ లోపలి వైపు లోహం మెరిసేదాకా రుద్దండి. పైన మెరిసి లోపల నల్లగా ఉంటే లాభం లేదు. బిగించాక చేత్తో తిప్పితే కదలకూడదు.

ఇంకో కారు బ్యాటరీతో స్టార్ట్ చెయ్యడానికి (జంప్) జంపర్ కేబుల్స్ పెట్టే వరస: ఎర్రది దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, ఎర్రది రెండో కొన మంచి బ్యాటరీ పాజిటివ్‌కు, నల్లది మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, ఆఖరి నల్ల క్లిప్ మీ ఇంజన్ మీద రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి క్లిప్ పెట్టేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉండొచ్చు, అందుకు. చలి దేశమైతే ఇంకో మాట. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ సున్నాకి కొన్ని డిగ్రీలు దిగువనే గడ్డకడుతుంది. పక్కలు ఉబ్బి ఉన్నా, లోపల మంచు కనిపించినా దానికి జంప్ పెట్టకండి, పగలొచ్చు.

జంప్‌తో స్టార్ట్ అయింది కదా, బ్యాటరీదే తప్పు అని కూడా అనుకోవద్దు. నల్ల క్లిప్ ఇంజన్‌కు పెట్టారు కాబట్టి కరెంటుకు కొత్త ఎర్త్ దారి (ఇంజన్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగొచ్చే దారి) దొరికి ఉండొచ్చు.

— — —

అసలు చప్పుడే రాని బండ్ల గురించి రెండు ముక్కలు, తర్వాత ఎవరికైనా పనికొస్తాయి. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టి తిప్పి చూడండి. స్టార్ట్ అయితే గేరు దగ్గరి సేఫ్టీ స్విచ్చిదే తప్పు. మాన్యువల్‌లో ఆ పని క్లచ్ పెడల్ స్విచ్చిది. తర్వాత స్టార్టర్ రిలే, అంటే సెల్ఫ్‌కు కరెంటు వదిలే చిన్న స్విచ్చి డబ్బీ. అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడటం తేలిక. ఫ్యూజు కంటితో చూసి వదలకండి, రెండు కొనల్లోనూ వోల్టేజీ ఉందో లేదో చూడండి. కాలిన 10 ఆంపియర్ల ఫ్యూజు స్థానంలో 20 ది పెట్టడం మాత్రం వద్దు, ఈసారి వైరే కాలుతుంది. సోలినాయిడ్‌కు వచ్చే సన్న వైరులో తాళం తిప్పినప్పుడు 10 వోల్టులకు పైన వస్తుంటే పైవేవీ తప్పు కాదు, అప్పుడు సెల్ఫ్‌ను అనుమానించండి.

సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే మరో కథ. తాళం ఆన్ చెయ్యగానే వెనక సీటు కింద పెట్రోల్ పంపు రెండు సెకన్లు గుర్‌మంటుందా? తాళం బొమ్మ లైటు ఆగకుండా మిణుకుతోందా? తిప్పుతుంటే ఆర్పీఎమ్ ముల్లు కొంచెమైనా కదులుతుందా? మొదటిది లేకపోతే పంపు రిలే, ఫ్యూజు చూడండి. రెండోది ఇమ్మొబిలైజర్ (తాళాన్ని గుర్తుపట్టకపోతే ఇంజన్‌ను ఆపే దొంగతనపు అడ్డు), స్పేర్ తాళంతో ప్రయత్నించండి. ముల్లు కదలకపోతే క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పేది) మీద అనుమానం. వేడెక్కితే ఆగి, చల్లారితే పట్టే బండ్లలో తరచు అదే.

— — —

అన్నయ్యా, అక్కా, అన్నీ కొలిచాను. ఆగి ఉన్నప్పుడు 12.5. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ మీద 11.9. పాజిటివ్ పోల్ నుంచి సెల్ఫ్ స్టడ్‌కి 0.1. నెగెటివ్ పోల్ నుంచి ఇంజన్‌కి 5.6! నెగెటివ్ పోల్ నుంచి కారు బాడీకి 0.1. ఇప్పుడు సెల్ఫ్ మార్చాలా?

— — —

వద్దు. 11.9 లో 5.6 ఎర్త్ దారి మింగింది, పాజిటివ్ వైపు 0.1 పోయింది. సెల్ఫ్‌కు మిగిలింది 6.2. దానితో ‘టక్’ అంటుంది గానీ తిరగదు. బ్యాటరీ 11.9 దగ్గరే నిలబడిందంటే కరెంటే పెద్దగా పారట్లేదు. బాడీ వరకు 0.1 ఉంది కాబట్టి బ్యాటరీ నుంచి బాడీ దాకా దారి బాగానే ఉంది. తప్పు బాడీకీ ఇంజన్‌కీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీలో. పాత బండ్లలో అది అల్లిన రాగి పట్టీలా ఉంటుంది, గేర్‌బాక్స్ దగ్గరో ఇంజన్ మౌంటు దగ్గరో బోల్టు వేసి ఉంటుంది. నీళ్ళు, ఉప్పు తగిలి కొనల దగ్గర పచ్చబడి తెగుతుంది.

విప్పే ముందు ఒక్క పని చెయ్యి. జంపర్ కేబుల్‌లో నల్లది ఒక్కటే తీసుకుని ఒక కొన నెగెటివ్ పోల్‌కు, రెండో కొన ఇంజన్ మీద రంగు లేని లోహానికి, తిరిగే బెల్టుకు దూరంగా పెట్టి తాళం తిప్పించు. ఇంజన్ అందుకుందంటే అనుమానం తీరినట్టే.

ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ విప్పి, పట్టీ రెండు బోల్టులూ తియ్యి. పట్టీ కొన ఆనే చోట బాడీ మీద రంగు, తుప్పు గీకి తెల్ల లోహం కనిపించనివ్వు. పట్టీ తెగినా, వంచితే పొడి రాలినా అదే లావు, అదే పొడుగున్న కొత్తది వెయ్యి. సన్న వైరు వేస్తే వేడెక్కి కరుగుతుంది. గ్రీజు బిగించాక పైన పూయాలి, మధ్యలో కాదు.

బిగించి మళ్ళీ కొలువు, 0.2 లోపు రావాలి. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 దాకా ఉందో లేదో కూడా చూడు. ఎర్త్ పాడైనన్నాళ్ళూ డైనమో ఛార్జింగ్ కూడా ఆ దారినే తిరిగొచ్చేది, కాబట్టి 12.5 ఉన్న బ్యాటరీని ఒక రాత్రి ఛార్జర్ మీద పెట్టెయ్యి.