జీవామృతం వేసిన వరికి నత్రజని ఎక్కణ్ణుంచి వస్తోంది?

గట్టుమనిషి:
పక్క చర్చలో ఒకరు "యూరియా పలుకు వేయలేదు, ఎకరాకు 33 బస్తాలు, అంతా జీవామృతం మహిమ" అన్నారు. ఇంకొకరు "కుదరని లెక్క" అని కొట్టిపారేశారు. తర్వాత అక్కడ మాట రాజకీయాల్లోకి పోయింది. అందుకే ఇక్కడ విడిగా అడుగుతున్నా. 75 కిలోల బస్తా, సాంబ మసూరి, కాలువ కింద నల్లరేగడి. ఆ పంటకు నత్రజని ఎక్కడిది? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

లెక్కలపంతులు:
లెక్కతోనే చెబుతా. జీవామృతం కలిపే డ్రమ్ములో ఏముంది? 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. పచ్చి పేడలో అయిదింట నాలుగు వంతులు నీళ్లే, నత్రజని అర శాతం దాటదు. 50 గ్రాములు అనుకోండి. మూత్రంలో ఒక శాతం, అంటే 100 గ్రాములు. పిండిలో ప్రొటీన్ అయిదో వంతు, ప్రొటీన్‌లో నత్రజని ఆరో వంతు, అక్కడో 70 గ్రాములు. బెల్లంలో చెప్పుకోదగ్గదేమీ లేదు. అన్నీ కలిపి 220 గ్రాములు. ఎకరాకు ఒక డ్రమ్ము, పదిహేను రోజులకోసారి చొప్పున పంటకాలంలో ఎనిమిది సార్లు పారించినా 1.8 కిలోలు దాటదు.

ఇక ఖర్చు వైపు. టన్ను ధాన్యం, దాని గడ్డి కలిసి నేల నుంచి 15-20 కిలోల నత్రజని తీసుకుంటాయి. 33 బస్తాలంటే రెండున్నర టన్నులు. తక్కువలో తక్కువ 37 కిలోలు. 1.8 ఎక్కడ, 37 ఎక్కడ?

నేలసేద్యం:
పంతులు గారూ, డ్రమ్ములో గ్రాములు వెతకడంలోనే మీరు దారి తప్పారు. జీవామృతం ఎరువని ఎవరన్నారు? అది తోడు. పెట్టుబడి లేని ప్రకృతి సేద్యం నేర్పిన సుభాష్ పాలేకర్ గారు మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. ఎకరం నేలలో పై అరడుగు మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. సేంద్రియ కర్బనం అర శాతం ఉంటే కర్బనమే 4,500 కిలోలు, అందులో పదో వంతు నత్రజని. అంటే 400 కిలోల పైచిలుకు మీ కాళ్ల కిందే ఉంది. మొక్కకు అందే రూపంలో లేదు, అంతే. సూక్ష్మజీవులు దాన్ని విడదీసి ఇస్తాయి. పైగా మొక్క ఒంట్లో 98 శాతం గాలి, నీళ్ల నుంచి వచ్చేదే.

చిన్నసందేహం:
డ్రమ్ములో కర్ర కుడివైపుకే తిప్పాలంటారు కదండీ, ఎడమవైపు తిప్పితే పాడైపోతుందా? జెర్సీ ఆవు పేడ పనికొస్తుందా?

లెక్కలపంతులు:
తోడు సరే. పాలేవి? మీరు చెప్పిన 400 కిలోల్లో ఏడాదికి విడుదలయ్యేది 2-3 శాతం, అంటే 8 నుంచి 13 కిలోలు. సూక్ష్మజీవులు ఇంకా వేగంగా విడదీస్తే ఆ నిల్వే తరుగుతుంది. తిరిగి కలిపేది లేకపోతే కర్బనం ఏటికేడు పడిపోతుంది.

నీళ్లతో సహా పచ్చి మొక్క బరువు చూస్తే 98 శాతం మాట నిజమే, కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపితే అంతే వస్తుంది. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు అన్నీ మిగిలిన ఆ కాస్తలోనే ఉన్నాయి. ఏది తక్కువైతే పంట అక్కడే ఆగుతుందని 19వ శతాబ్దంలోనే జర్మన్ రసాయనవేత్త లీబిగ్ చెప్పాడు. గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా వరి మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు.

గోదారొడ్డు:
చిన్నసందేహం గారూ, తిప్పేది గాలి కలవడానికి. ఎటు తిప్పినా ఒకటే. డ్రమ్ము నీడన పెట్టి గోనెపట్టా కప్పండి, పొద్దునా సాయంత్రం తిప్పండి, 48 గంటలు పులియనివ్వండి, వారం లోపు వాడేయండి. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు పోసినా, మూత బిగించినా, ఎండలో పెట్టినా చెడిపోతుంది. మురుగు కంపు కొట్టిందంటే గాలి అందలేదని. పారబోసి మళ్లీ కలుపుకోండి.

నేలసేద్యం:
జెర్సీ పేడ వద్దు. నాటు ఆవుదే వాడాలి, సూక్ష్మజీవులు అందులోనే ఎక్కువ.

గోదారొడ్డు:
దాణా తినే ఆవు పేడకూ ఎండుగడ్డి మేసే ఆవు పేడకూ తేడా ఉంటుంది. అది జాతి తేడానా, మేత తేడానా? రెండింటికీ ఒకే మేత పెట్టి చూడకుండా ఎలా చెబుతారు?

నేలసేద్యం:
ఆ సంగతి తర్వాత. పంతులు గారి లెక్కలో పెద్ద చిల్లు ఉంది, ముందు అది చూద్దాం. 45 కిలోల యూరియా బస్తాలు రెండు వేస్తారు, అంటే 41 కిలోల నత్రజని. నీళ్లు నిలిచిన మడిలో పంట అందుకునేది అందులో మూడో వంతు, బాగా వేస్తే నలభై శాతం. మిగతాది గాలిలోకో, కాలువలోకో పోతుంది. మీ లెక్క ప్రకారం యూరియా వేసిన పొలంలో కూడా 37 కిలోలు రావడానికి వీల్లేదు! మరి అక్కడ మిగతాది ఎవరిచ్చారు? నేలే కదా.

మా పద్ధతిలో జీవామృతం ఒక్కటే లేదు. వానలకు ముందే నవధాన్యాలని పిలిచే విత్తనాల మిశ్రమం చల్లుతాం. జనుము, పిల్లిపెసర, అలసంద, జొన్న, నువ్వు కలిపి పదిహేను రకాలకు పైనే. పేడతో పొడిగా చేసే ఘన జీవామృతం వేస్తాం. నేలను ఖాళీగా ఎండబెట్టం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఊరూరా చెబుతున్నది ఇదే.

లెక్కలపంతులు:
అదీ మాట! ఇప్పుడు లెక్క కుదురుతుంది, చూడండి. నేల నుంచి 10. మడి నీళ్లలో నీలి ఆకుపచ్చ నాచు 8-12. జీలుగ ఎకరాకు 12 కిలోల విత్తనం చల్లి, 45-50 రోజులకు పూత దశలో కలియదున్నితే 20 కిలోలకు పైనే. వాన, కాలువ నీళ్లతో ఇంకాస్త. 37 దగ్గరకు వచ్చేశాం. ఇందులో జీవామృతం పేరు నేనెక్కడా ఎత్తలేదు, గమనించారా? పచ్చిరొట్ట చేసిన పనికి డ్రమ్ముకు సన్మానం చేస్తున్నారు.

భాస్వరం సంగతి ఇంకా ఘోరం. అది గాలిలోంచి రాదు. ఇరవై, ముప్పై ఏళ్లు వేసిన డీఏపీ నేలలో పేరుకుని ఉంది. మొదటి మూడేళ్లు పండేది దాని మీద. ఆవు మీద భక్తి ఉంటే గుళ్లో చూపించుకోండి, సేద్యశాస్త్రం పేరుతో అమ్మకండి.

నేలసేద్యం:
భక్తి ఎవరిదో తెలుస్తూనే ఉంది. 266 రూపాయల 50 పైసల యూరియా బస్తా వెనక సర్కారు ఎంత సబ్సిడీ పోస్తోందో మీ లెక్కలో ఎప్పుడైనా కనబడిందా? ఎరువుల కంపెనీలు రాసిచ్చిన పాఠాలు చదివి మాకు చెప్పొద్దు. ఆకు నల్లగా నిగనిగలాడాలని యూరియా దంచి, సాంబ మసూరికి అగ్గి తెగులు, సుడిదోమ తెచ్చిపెట్టి, మళ్లీ మందులు రాసేదీ మీరే.

నిర్వాహకుడు:
ఇద్దరి వ్యాఖ్యల్లోనూ చివర ఒక్కో వాక్యం తీసేశాను. పొలం గురించి మాట్లాడండి, మనుషుల గురించి కాదు.

మానేరు:
ఇద్దరూ ఒక్క తీర్గనే ఉన్నరు. పంతులూ, జీవామృతంల గ్రాములు లెక్కవెట్టినవ్, మంచిగనే ఉంది. పోయిన నెల నానో యూరియా మంచిదని రాసినవ్ గద? 500 మిల్లీలీటర్ల సీస. మొదలు వచ్చినదాంట్ల నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. బస్తల ఉండేది 20.7 కిలోలు. సీస బస్తకు సమానమన్నప్పుడు నీ తక్కెడ ఏడవోయింది?

నేలసేద్యం, నువ్వు గూడ ఇను. భూసార పరీక్షల కర్బనం పెరిగిందని వస్తే ఆ కాగితం అందరికి చూపెడ్తవ్. అదే కాగితంల భాస్వరం తగ్గిందని వస్తే ల్యాబోల్లకు పరీక్ష చేసుడు రాదంటవ్. ముందుగాల మనసుల ఒకటి అనుకున్నంక, దానికి పనికొచ్చే లెక్కనే ఏరుకుంటున్నరు ఇద్దరు.

లెక్కలపంతులు:
నానో ఆకుల మీద చల్లేది. వినియోగ సామర్థ్యం ఎక్కువ. అది వేరే చర్చ.

మానేరు:
ఎంత సామర్థ్యమున్నా 20 గ్రాములు 20 గ్రాములను దాటుతదా?

తుంగభద్ర:
యూరియా బస్తా అడిగితే నానో సీసా కొంటేనే ఇస్తామనే డీలర్లున్నారు. ఆ సీసాలు పాకలో వరసగా పడుంటాయి. అది పక్కన పెట్టండి.

మీ ఇద్దరి నమ్మకాలకూ పెట్టుబడి పెట్టేది కౌలురైతు. కౌలు ఎకరాకు ఇన్ని బస్తాలని నాటు వేయక ముందే మాట్లాడుకుంటారు. 33 కాస్తా 27 అయితే తగ్గిన ఆరు బస్తాలూ కౌలుదారు వాటాలోంచే పోతాయి, భూమిదారుది గింజ తగ్గదు. మూడో ఏడు నేల బాగుపడుతుందంటారు. అప్పటికి ఆ పొలం ఎవరి చేతిలో ఉంటుందో! జీలుగ వేసి కర్బనం పెంచితే వచ్చే ఏడు కౌలు పెంచుతారు. ఆంధ్రలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డుకే భూయజమాని సంతకం కావాలన్నారు. ఆ సంతకానికే తిప్పలు, ఇంక మూడేళ్ల హామీ ఎవరిస్తారు?

నేలసేద్యం:
తుంగభద్రన్నా, అసలు మాట అన్నావు. 33 కాదు, 27 బస్తాలే వచ్చాయనుకుందాం. అయినా నేను ఇదే సేద్యం చెబుతా. ఎరువుల కొట్లో అరువు ఖాతా ఉండదు. వాన ఎగ్గొట్టినా పోయేది శ్రమే, వడ్డీ పెరగదు. రైతు అప్పు లేకుండా పడుకోవాలి, నాకు ముందు అది. దిగుబడి తర్వాతి మాట.

గట్టుమనిషి:
అంటే నత్రజని లెక్క తేలినా తేలకపోయినా మీ మాట మారదన్నమాట. మరి ఇంతసేపూ మట్టి బరువు, కర్బనం శాతం దేనికి చెప్పినట్టు?

లెక్కలపంతులు:
నేనూ దాచుకోను. ఒక ఎకరంలో సమానంగా పండిందని చూపించినా, రాష్ట్రమంతా మారమని నేను చెప్పను. 1960లలో పీఎల్-480 కింద అమెరికా పంపే గోధుమ ఓడల కోసం ఎదురుచూసిన దేశమిది. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతి ఒక్క పెట్టున ఆపి, నవంబరుకల్లా వెనక్కి తగ్గింది. బియ్యం కొనుక్కుని తినే మనిషికి ఆరు బస్తాల తరుగు అంటే ఏమిటో అప్పు లేని రైతు ఆలోచించడు.

నేలసేద్యం:
శ్రీలంకలో చేసింది నిషేధం. పచ్చిరొట్ట విత్తనం లేదు, శిక్షణ లేదు, సీజన్ ముంగిట ఆపేశారు. దాన్ని తెచ్చి దీనికి అంటగట్టకండి.

గోదారొడ్డు:
ఇద్దరికీ ఒక పని చెబుతా. అయిదు రకాల మడులు పెట్టండి. ఒకటి, ఏమీ వేయనిది. రెండు, జీవామృతం మాత్రమే. మూడు, పచ్చిరొట్ట, ఘన జీవామృతం, జీవామృతం అన్నీ. నాలుగు, మూడో దానిలోంచి జీవామృతం తీసేసి. అయిదు, యూరియా మూడు దఫాలుగా, నీళ్లు తీసి వేసి, మళ్లీ పెట్టి. ఒక్కో మడి 5 సెంట్లు, మూడేసి సార్లు వేస్తే 75 సెంట్లలో అయిపోతుంది. మడి నుంచి మడికి నీళ్లు పారనివ్వొద్దు, ఇలాంటి పోలికలన్నీ చెడేది అక్కడే. పై మడి యూరియా కింది మడి తాగేస్తుంది. ప్రతి మడికీ బోదె నుంచి విడిగా మడవ తీయండి, గట్టు మధ్యలో ప్లాస్టిక్ పట్టా అడుగు లోతుకు దించండి. కోతప్పుడు గట్టు పక్క వరసలు వదిలేసి మధ్యలో 5 మీటర్లకు 5 మీటర్లు కోసి, నూర్చి, తేమ 14 శాతానికి ఆరబెట్టి తూయండి. ఆ తూకాన్ని 162తో గుణిస్తే ఎకరం లెక్క. మడులు మార్చకుండా మూడేళ్లు చేయాలి, లేకపోతే పాత డీఏపీ మాటే మిగులుతుంది.

మడులు దున్నక ముందే ఇక్కడ రాయండి. ఏ ఫలితం వస్తే మీ మాట మార్చుకుంటారు?

లెక్కలపంతులు:
మూడు, నాలుగు సమానంగా వస్తే జీవామృతం పాత్ర లేదని నేలసేద్యం గారు ఒప్పుకుంటారా?

నేలసేద్యం:
నేల జీవం మూడేళ్లలో నిండదు. అయిదేళ్లు కావాలి. మరి మూడో మడి అయిదో దానితో సమానమైతే మీరు?

లెక్కలపంతులు:
ఘన జీవామృతం ఎన్ని కిలోలు వేశారో, ఆ పేడ ఏ మేత తిన్న పశువుదో, ఆ మేత పండిన పొలానికి యూరియా వేశారో లేదో కూడా రాయాలి. పక్క పొలం నత్రజనిని పేడ రూపంలో తెచ్చి ఇక్కడ పోస్తే అది సున్నా ఎరువు కాదు.

మానేరు:
ఒకాయన ఏండ్లు పెంచవట్టె, ఇంకొకాయన కండిషన్లు పెంచవట్టె.

తుంగభద్ర:
బస్తాలతో పాటు రూపాయలూ రాయండి. ఇంటి మనుషుల కూలి కూడా కలపండి. 200 లీటర్లు కలపాలి, వడగట్టాలి, బిందెలతో మడవ దాకా మోయాలి. ఎకరానికే ఇద్దరు కావాలి, అయిదెకరాలకు ఎంతమంది? మోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఖర్చు సున్నా అని రాసేటప్పుడు వాళ్ల పూట ఎవరి ఖాతాలోనూ పడదు.

నేలసేద్యం:
ఇంటి కూలి డబ్బు ఖర్చు కాదు. అప్పు తెచ్చి ఇచ్చేది కాదు. కలపకూడదు.

లెక్కలపంతులు:
మద్దతు ధరకు ప్రాతిపదికగా తీసుకునే ఎ2 ప్లస్ ఎఫ్‌ఎల్ ఖర్చులోనే ఇంటి శ్రమ ఉంది. ఎ2 అంటే రైతు చేతి నుంచి పెట్టింది, ఎఫ్‌ఎల్ అంటే ఇంటి మనుషుల శ్రమ విలువ. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా చేరితే సి2. ఇంటి కూలి కలపకపోతే ఈ మడుల్లో నేను లేను.

గట్టుమనిషి:
కలిపి ఒక వరుస, కలపకుండా ఒక వరుస రాద్దాం. 75 సెంట్లు ఎవరిస్తారో ముందు చెప్పండి. కౌలు పొలం అయితే మూడేళ్లకు భూమిదారు సంతకం కావాలి.